హీటరు లేని వ్యానుకు దొరికిన గ్రాంటు

సాయం చేసేవాళ్లు అడిగింది ఇవ్వకూడదు. ఈ సత్యం మా జిల్లా ఫౌండేషన్ దగ్గర తెలుసుకున్నాను. అడిగింది అడిగినట్టు చేతిలో పెట్టేస్తే మనిషికి బుర్ర ఎలా పెరుగుతుంది, చెప్పండి?

అమెరికా ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉంటాం మేము. డయాలిసిస్ చేసే ఆసుపత్రికి వెళ్లాలంటే రెండు గంటల ప్రయాణం. కారు నడపలేని పెద్దవాళ్లను అక్కడికి చేర్చడానికి రిటైరైన టీచరమ్మ ఐలీ లాహ్టినెన్ ఒక పాత వ్యాను తిప్పుతోంది. డ్రైవరు రైనో జీతం తీసుకోడు. మంచు మొదలయ్యే వేళకు ఆ వ్యాను హీటరు చేతులెత్తేసింది.

ఐలీ వెళ్లి, హీటరు బాగుచేయిస్తే చాలని ఫౌండేషన్ వాళ్లను అడిగింది. అక్కడి ఆఫీసరు కోర్ట్‌నీ మంచి పిల్ల. కాఫీ ఇచ్చి, మరమ్మతులకు గ్రాంటు ఉండదనీ, తాము కొత్త ఆలోచనలకే సాయం చేస్తామనీ నచ్చజెప్పింది. నిజమే కదా! హీటరులో కొత్తదనం ఏముంది? వెచ్చగా ఉండాలన్నది ఆదిమానవుడి కోరిక.

ఇంతలో హిల్యా మాకీ అనే పెద్దావిడ ఇక ఆసుపత్రికి రానంది. ఐలీ ఇంటికి వెళ్లి బతిమాలితే, "వణుక్కుంటూ పోయి బాగుపడి, వణుక్కుంటూ వచ్చి పాడవడం దేనికే? నన్నిలా నా పొయ్యి దగ్గర ఉండనీ" అందట. డయాలిసిస్ మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఐలీ తిన్నగా మా ఇంటికి వచ్చింది.

"నువ్వు పేపర్లో రాస్తావుగా. అర్థం లేకపోయినా గొప్పగా ఉండేట్టు ఏదైనా రాసిపెట్టు."

నా ప్రతిభను ఇంత సూటిగా గుర్తించినవాళ్లు ఇంతవరకూ లేరు. 'సంచార సామూహిక ఉష్ణానుభవ ప్రయోగశాల' అని పేరు పెట్టి దరఖాస్తు రాశాను. హీటరు అన్న మాట పొరపాటున కూడా రానివ్వలేదు. గ్రాంటు వెంటనే వచ్చింది!

ఎన్ని వచ్చాయనుకున్నారు? వ్యానుకు ఫౌండేషన్ పేరున్న బ్యానరు వచ్చింది. మా చలిని అధ్యయనం చేయడానికి ఓ సలహాదారు విమానంలో వచ్చాడు. ప్రయాణికులు ఎంత వెచ్చగా ఉన్నారో తెర మీద వేలితో నొక్కి తెలపడానికి తలా ఒక టాబ్లెట్ కంప్యూటరు వచ్చింది. గ్లవ్స్ తీస్తే గానీ అది పనిచేయదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రయోగానికి తిరగాలి కాబట్టి డీజిల్ ఖర్చు కూడా వచ్చింది. అంతకుముందు డీజిల్ కోసం ఐలీ ఎక్కని గడప లేదు. హీటరు మాత్రం నిబంధనల్లో పట్టలేదు.

చివరికి చర్చి ఆడవాళ్లు ఓ శనివారం మాంసం కూరిన పాస్టీలు చేసి అమ్మారు. సోమవారానికల్లా హీటరు బాగైంది. హిల్యా మళ్లీ వ్యానెక్కింది.

అయితే ఐలీకి కొత్త దిగులు పట్టుకుంది. చలి పోయిందని తెలిస్తే ప్రయోగం పోతుంది, ప్రయోగం పోతే డీజిల్ పోతుంది. అందుకని ఫౌండేషన్ వాళ్లు వచ్చిన రోజు హీటరు ఆపేయాలని వ్యానులో అందరూ ఒప్పుకున్నారు. సమాజం కోసం ఆ మాత్రం వణకలేరా?

ఫిబ్రవరిలో కోర్ట్‌నీ తనిఖీకి వచ్చింది. ఆ పిల్ల ఎక్కకముందే రైనో హీటరు కట్టేశాడు. సగం దారికి కోర్ట్‌నీ పెదవులు నీలమయ్యాయి. అయినా ఓర్చుకుని, ప్రాజెక్టు అవసరం ఇంకా చాలా ఉందని సంతృప్తిగా రాసుకుంది. ఐలీ ఊపిరి పీల్చుకుంది. చూశారా, అడిగింది ఇవ్వకపోవడం వల్ల మేం ఎంత తెలివిమీరామో!

పక్క సీట్లో ఉన్న హిల్యాకు మాత్రం ఆ పిల్లను చూస్తే జాలేసింది. తన బొంత సగం తీసి ఆమె మోకాళ్ల మీద కప్పింది.

"అమ్మాయ్, ఈ ప్రయోగం ఎప్పటికి అయిపోతుందో మీవాళ్లను కాస్త కనుక్కో. అయిపోగానే హీటరు వేసుకుంటాం. అది బాగై చాలా రోజులైంది."