నేలను నేనే నునుపు చేశాను

ఇంట్లో పాత చెక్క నేల ఉండటం అదృష్టం. పనివాళ్లను పిలవకుండా దాన్ని స్వయంగా గీకి, రుద్ది, వార్నిష్ పూయాలన్న బుద్ధి పుట్టడం మహాభాగ్యం! నవ్వకండి. ఆ భాగ్యాన్ని ఈమధ్యే అనుభవించి, ఇవాళే నడుం నిటారుగా నిలబెట్టి ఈ కాలమ్ రాస్తున్నాను.

ఆత్మజ్ఞానం కోసం కొండలెక్కాలా? అక్కర్లేదు. హాలు మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, పైకి లేచిన మేకుల్ని సుత్తితో దిగగొడితే చాలు. నాకు రెండు మోకాళ్లున్నాయనీ, ఏ విషయంలోనూ వాటికి పడదనీ నాకు తెలిసింది ఆ రోజే.

ఈ బుద్ధి ఎలా పుట్టిందంటారా? మా తోడల్లుడి పుణ్యమే. అంటే మా ఆవిడ అక్కగారి భర్త. ఆయన తన ఇంటి నేలను తనే నునుపు చేసుకుని, అందులో మొహం చూసుకుంటున్న ఫొటో ఒకటి, కింద "చాలా సులువు!" అని రాసి, బంధువులందరికీ పంపాడు. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. పెద్దకూతురింట్లో కొన్నాళ్లుండి వచ్చాక, మా హాల్లో అడుగుపెట్టినప్పుడల్లా మా ఆవిడకు ఒకటే మాట. "అక్కడ నేల అద్దంలా ఉందే! అంతా పెద్దల్లుడుగారే చేశారు!" చెప్పేది కూతురికి, వినాల్సింది నేను.

నాకు ఇల్లుంది, ఉద్యోగముంది, పళ్లు కూడా చాలావరకు నావే. అయినా ఆ మాట నా మనసులో ముల్లులా దిగిపోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆవిడ నోట "అంతా చిన్నల్లుడుగారే చేశారు" అనిపించుకోవాలి! అంతకు మించి నాకు వేరే కోరిక లేదు.

వీడియోలు చూశాను. వాటిలో తెల్లచొక్కా తొడుక్కున్న ఒకాయన ఈల వేసుకుంటూ పది నిమిషాల్లో ఇల్లంతా మెరిపించేస్తాడు. చొక్కా మీద నలక కూడా ఉండదు. నేనూ ఒక తెల్లచొక్కా తీసి సిద్ధంగా పెట్టుకున్నాను. మిగతాదంతా ఏముంది?

నేలను అరగదీసే మెషీన్ అద్దెకు తెచ్చాను. చూడటానికి వాక్యూమ్ క్లీనర్‌కి పెదనాన్నలా ఉంటుంది. "ఆన్ చేశాక ఒకేచోట నిలబడకండి సార్, కదులుతూనే ఉండాలి" అన్నాడు షాపతను. "నన్ను చూస్తే నిలబడిపోయేవాడిలా ఉన్నానా?" అని గదమాయించాను. ఆన్ చేశాక తెలిసింది, నిలబడే అవకాశమే లేదని! అది నన్ను సోఫా దాకా, సోఫా నుంచి గోడ దాకా, గోడ నుంచి మళ్లీ సోఫా దాకా లాక్కుపోయింది. జిమ్‌కి డబ్బులు కట్టేవాళ్లను చూస్తే ఇప్పుడు జాలేస్తోంది.

ఇక చెక్కపొడి! దాని సమదృష్టి మనలో ఎంతమందికుంది? టీలో, దువ్వెనలో, మా అత్తగారి కళ్లజోడు మీద, నా తెల్లచొక్కా మీద ఒకేలా కూర్చుంది.

"ఏవండీ, బీరువాకి తాళం వేశాను కదా, ఇందులోకి ఎలా దూరింది?" అంది మా ఆవిడ.

"తాళం వేసినట్టు దానికి తెలియదేమో" అన్నాను. ఆ పూట ఆవిడ మళ్లీ మాట్లాడలేదు. ఇంటికి అంతటి ప్రశాంతత ఇంకెలా వస్తుంది?

కుటుంబమంతా కలిసి కూర్చోవడం లేదని అందరూ వాపోతుంటారు. వార్నిష్ పూసి చూడండి! అది ఆరేదాకా మా అత్తగారు, మా ఆవిడ, మా అమ్మాయి, నేను వంటింట్లోనే తిన్నాం, అక్కడే పడుకున్నాం. ఫ్రిజ్ తెరవాలంటే ముందు నేను లేవాలి.

అయ్యో, వార్నిష్ కన్నా ముందు జరిగింది ఒకటి చెప్పడం మరిచిపోయాను. మరిచిపోవాలనే చూశాను. మెషీన్ నా మాట వినడం మొదలుపెట్టి, నేను ఈల వేసే స్థాయికి చేరుకున్న సమయంలో మా తోడల్లుడు ఫోన్ చేశాడు.

"ఏం తమ్ముడూ, ఎంతవరకు వచ్చింది? కష్టంగా ఉందా?"

ఉందని ఎవడు ఒప్పుకుంటాడు! "ఇందులో ఏముంది అన్నయ్యగారూ, చాలా సులువు!" అని, ఒక చేత్తో మెషీన్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, ఎంత సులువో ఆ మోతలో అరిచి అరిచి వివరించాను. వివరించినంతసేపూ కదల్లేదు. ఫోన్ పెట్టి చూస్తే హాలు నడిమధ్యలో గొయ్యి! పెద్దదేం కాదు. గిన్నెడు నీళ్లు పోస్తే నిలుస్తాయి, అంతే.

దానివల్లా లాభమే. "నాన్నా, బంతి ఎటు వేసినా ఇక్కడికే వచ్చేస్తోంది, వెతుక్కోనక్కర్లేదు!" అని మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను గబగబా వెళ్లి తివాచీ కొనుక్కొచ్చాను.

నేల ఆరాక, చూసిపోదామని తోడల్లుడు కుటుంబంతో వచ్చాడు. నేను తివాచీ మీద నిలబడి, కదలకుండా స్వాగతం పలికాను. ఆయన "భేష్!" అన్నాడు. కొరియర్ వచ్చి బెల్ కొడితే తలుపు కూడా మా ఆవిడే తీసింది. అంతా సవ్యంగా జరిగిపోతున్న వేళ, కుర్చీలోంచి మా అత్తగారు నోరు తెరిచారు.

"అల్లుడుగారూ, ఎంతసేపని అలా నిలబడతారు? తివాచీ అయితే జారుతుంది. పెద్దల్లుడుగారిలా దానిమీద సోఫా వేసేసుకోండి, కదలదు."

తోడల్లుడి మొహం చూడాలి! కాసేపటికి నన్ను వరండాలోకి లాక్కుపోయి, మెల్లగా అడిగాడు.

"ఫోనేనా?"

"మీదే" అన్నాను.

"నాకు మా ఆఫీసు నుంచి వచ్చింది" అని నిట్టూర్చాడు.

వాళ్లు వెళ్లాక అత్తగారిని నిలదీశాను. "మరి ఆ సోఫా సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అల్లుళ్ల గోతులు నలుగురిలో చెప్పుకుంటామా బాబూ?" అన్నారావిడ.

నిజం చెప్పొద్దూ, నాకు చెడ్డ కోపం వచ్చింది. నేల మీద కాదు, గొయ్యి మీద కాదు. ఆ "సులువు" అన్న మాట మీద! ఆయన ఆ ఫొటోతోపాటు సోఫా కింద ఏముందో ఒక్క ముక్క చెప్పి ఉంటే నా నేల, నా నడుం రెండూ మిగిలేవి కదా! ఇకమీదట నన్ను అడిగినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలని గట్టిగా నిర్ణయించుకున్నాను.

మర్నాడే పక్కింటాయన వచ్చాడు. నేలను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "మాదీ ఇలాంటిదేనండీ, పాతబడింది. మనమే చేసుకోవడం కష్టమా?"

చెప్పేద్దామని తివాచీ అంచు పట్టుకున్నాను కూడా. అంతలో మా అత్తగారు కుర్చీలోంచి వంగి, వీధంతా వినబడేలా అన్నారు.

"అంతా మా చిన్నల్లుడుగారే చేశారు!"

తివాచీ అంచు వదిలేశాను. "చాలా సులువండీ!" అన్నాను.

ఇదిగో, గోడవతల మెషీన్ మోత మొదలైంది. అటూ ఇటూ బాగానే తిరుగుతోంది పాపం. పని ఎంతవరకు వచ్చిందో ఓసారి ఫోన్ చేసి కనుక్కోవడం ఇరుగుపొరుగువాడిగా నా ధర్మం కాదూ?