తోడల్లుడి చెట్లకు పుచ్చు ముక్కలు

ఆ ఉదయం కలప వ్యాపారి అనుకున్నది చిన్న పని: డిపో తెరిచేలోగా తోపు చూసి రావడం. అడవి అంచున ఉన్న ఆ తోపును మామగారు తన ఇద్దరు కూతుళ్ళకూ చెరిసగం ఇచ్చి పోయారు. తమ సగంలో ఒక్క చెట్టు మీదా రంపం పెట్టనని వ్యాపారి తన భార్యకు మాటిచ్చాడు. తీరా ఇప్పుడు సరుకు పెట్టెల చెక్కలో ఎక్కడినుంచో వచ్చిన పరాయి పురుగు బెరడు కింద దూరి, రెండు సగాలనూ ఎండగడుతోంది.

వెళ్ళి చూస్తే తన చెట్లకు పుచ్చిన దుంగముక్కలు తీగతో కట్టి ఉన్నాయి. ఆయనకు ఒళ్ళు మండింది. మంచి చెక్క పక్కన పుచ్చు చెక్క చేర్చకూడదన్నది డిపోలో మొదటి పాఠం. ఇది తోడల్లుడి పనే!

నిన్న భార్య చెప్పబోయింది: "అటవీ ఆఫీసు పురుగుల మేడమ్ వచ్చిందండీ, మన చెట్లకి..." ఆయన ఫోన్లో బేరమాడుతూ "సరేలే" అనేశాడు.

ముక్కలన్నీ విప్పి అవతలి చెట్లకు కడుతుండగా తోడల్లుడు రానే వచ్చాడు.

"ఏంటన్నయ్యా, పొద్దున్నే మా చెట్లతో పని?"

"మందు తమ్ముడూ! పురుగుకి విరుగుడు. విప్పకు."

"మీ మేలు మరిచిపోను అన్నయ్యా!"

కొన్నాళ్ళకు తోడల్లుడు కంగారుగా ఫోన్ చేశాడు. "ముక్కల్లోంచి నలకలంత ఈగలొస్తున్నాయి!"

"రానీ, అదే మందు" అని, ఆయన ఆ సాయంత్రమే తన చెట్లన్నిటికీ విషం కొట్టించాడు, ఒక్క ఈగా ఇటు దాటకుండా.

కాలం మారేసరికి అవతలి చెట్లు చిగిర్చాయి. ఇవతలివి మోడులయ్యాయి. మేడమ్ వచ్చి తెల్లబోయింది.

"అవి ఈగలు కాదండీ, బుల్లి కందిరీగలు. ఆ పురుగు పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతాయి. వాటిని పెంచిన ముక్కలు మీ వైపే కట్టాను కదా?"

"అన్నయ్యే తెచ్చి మాకు కట్టాడమ్మా! తనవి పోయినా మావి దక్కాలని!" అన్నాడు తోడల్లుడు, కళ్ళు తుడుచుకుంటూ.

భార్య ఎండిన మానును నిమిరింది. "నాన్న నాటినవండీ. ఒక్క ముక్కైనా మనకి ఉంచాల్సింది."

ఆయన మర్నాడు రంపం తనే పట్టుకెళ్ళాడు.

సరుకు గురించి ఆయన జీవితమంతా అబద్ధాలే చెప్పాడు. అక్షరాలా నిజమైంది 'మందు తమ్ముడూ' అన్నదొక్కటే.