ఆయుధపూజ నాడు యాంటీవైరస్‌కు సెలవు

బ్యాక్‌డోర్ మాల్‌వేర్ అనగానే జనం ఎందుకలా హడలిపోతారో నాకు అర్థం కాదు. నన్నడిగితే అంత మర్యాద తెలిసిన చుట్టం కోలారు జిల్లా మొత్తం వెతికినా దొరకదు!

ఆలోచించండి. మన ఇళ్లకు వచ్చే చుట్టాలు ఏం చేస్తారు? కాఫీలో చక్కెర చాలలేదంటారు. పోయేటప్పుడు మన గొడుగు పట్టుకుపోతారు. ఈ చుట్టమో, వచ్చిన సంగతే తెలియనివ్వదు. ఒక మూల ఒదిగి కూర్చుని మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ శ్రద్ధగా గమనిస్తుంది. మీ ఫైళ్లన్నీ ఓపిగ్గా చదువుతుంది. నా కాలమ్‌ను మా ఇంట్లోవాళ్లే చివరిదాకా చదవరు, అది చదువుతుంది! అంతా తానొక్కతే అనుభవించకుండా, ఎక్కడో ఉన్న తన యజమాని కూడా లోపలికి వచ్చిపోయేలా దారి తెరిచిపెడుతుంది. ఇంత కలుపుగోలుతనం ఎవరికుంది?

దాన్ని పిలవడమూ సులువే. ముక్కూమొహం తెలియనివాడి మెయిల్‌లో వచ్చిన బిల్లు తెరవండి. కొనుక్కోవలసిన సాఫ్ట్‌వేర్‌ను ఊరికే దించుకోండి. ఊరందరి కంప్యూటర్లూ తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చండి. చాలు. రాబర్ట్‌సన్‌పేటలో మా పక్కింటి శ్రీకంఠయ్య మాత్రం ఇంతకన్నా భక్తిగా పిలిచాడు.

శ్రీకంఠయ్యది ధాన్యం అంగడి. కూతురు ధన్యకు బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. చిన్న కంపెనీ కాబట్టి సొంత కంప్యూటర్ మీద ఇంటినుంచే పనిచేసుకోమన్నారు. మా ఊళ్లో అది మామూలు వరం కాదు! ఆ వరం లేనివాళ్లు తెల్లవారకముందే ట్రైనెక్కి, బెంగళూరుదాకా నిలబడి పోయి, తిరుగు ట్రైన్లో పక్కవాడి భుజం మీద నిద్రపోతూ వస్తారు. మొన్నమొన్నటిదాకా ధన్యదీ అదే బతుకు.

ఆయుధపూజ నాడు శ్రీకంఠయ్య అంగట్లో తక్కెడకూ, బయట మోపెడ్‌కూ పూజ చేసి, ఇంటికొచ్చి కూతురి కంప్యూటర్‌కు కుంకుమ పెట్టాడు, పూలు చుట్టాడు. తల్లీకూతుళ్లు కురుడుమలె వినాయకుడి గుడికి పోయి ఉన్నారు. ఇంతలో తెర మీద ఒక మూల యాంటీవైరస్ గుర్తు కనబడింది. అచ్చం డాలు! పూజనాడు కత్తీ కొడవలీ అన్నీ దేవుడి ముందు పెట్టి విశ్రాంతి ఇస్తామే, మరి డాలు ఏం పాపం చేసింది? వెంటనే దాన్ని ఆపేసి దండం పెట్టాడు.

ఆ పైన అమ్మవారి హారతి వీడియో చూద్దామనుకున్నాడు. వీడియో కావాలంటే ముందు ఈ ప్లేయర్ దించుకోండని తెర మీదికి ఒక పెట్టె వచ్చింది. పండగపూట కాదనడమెందుకని "సరే" నొక్కాడు. హారతి రాలేదు. చుట్టం వచ్చింది.

పండగ వెళ్లాక ధన్య పనికి కూర్చుంది. ఆమె చెయ్యి ఇంకా టీ గ్లాసు మీదే ఉంది, తెర మీద బాణం గుర్తు తనంతట తాను నడుస్తోంది!

తల్లి నాగరత్న చెంపలేసుకుంది. "అమ్మవారే కదిలినట్టుండాదే!"

"అమ్మవారికి నా మెయిల్‌తో ఏం పనమ్మా?" అంటూ ధన్య నెట్ వైరు పీకేసింది. "అప్పా, యాంటీవైరస్ ఆపింది నువ్వేనా?"

"ఒక్క దినం రెస్టిచ్చినానమ్మా. పూజనాడు ఆయుధం వాడకూడదు గదా!"

"మళ్లీ ఆన్ చేసేది యాడ పోయింది?"

"మంచి గడియ చూసి చేద్దామనుకొన్నాను."

"బాగుండాది! ఆఫీసులో తెలిస్తే ఇంగ దినామూ నేను ట్రైన్లో ఏలాడాల్సిందే."

గోల విని పక్కింటినుంచి వచ్చిన నేను, వచ్చిన చుట్టాన్ని ఉండనివ్వరాదా అని సలహా ఇచ్చాను. "మామా, మీరు సుమ్మనుండండి" అని ధన్య నా నోరు మూయించింది.

తన ఫోన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చింది. అంతదాకా అన్నింటికీ ఒకటే పాస్‌వర్డు, అదీ తన పేరే! నెట్ లేకుండా స్కాన్ నడిపితే చుట్టం దొరికింది. తీసేసింది. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేస్తే, అదే చోట మళ్లీ కూర్చుని ఉంది! చివరికి పని ఫైళ్లు మాత్రం విడిగా తీసి, వాటినీ స్కాన్ చేసి, డిస్కంతా తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించింది.

చూశారా మహిమ? ఏళ్ల తరబడి మారని పాస్‌వర్డులు మారాయి. ఎన్నడూ తీయని బ్యాకప్ తీశారు. నెట్ లేకపోయేసరికి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ముద్ద తిన్నారు. ఏ గురువు చేయించగలడు ఇన్ని మంచి పనులు?

దాచిపెట్టడం ఇష్టంలేక ధన్య జరిగిందంతా ఆఫీసుకు చెప్పేసింది. మేనేజర్ మెచ్చుకున్నాడు. ఇంటినుంచే పనిచేసుకోవచ్చన్నాడు! నాగరత్న పాయసానికి పాలు పెట్టింది కూడా. కాకపోతే చిన్న షరతు. భద్రత కోసం కంపెనీ పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకోవాలి.

దాని నిబంధనలు ధన్య పైకి చదివింది. నొక్కిన ప్రతి అక్షరాన్నీ గుర్తుపెట్టుకుంటుందట. ఉండుండి తెరను ఫోటో తీస్తుందట. అడగకుండానే కెమెరా తెరుస్తుందట. అన్నీ యజమానికి పంపుతుందట.

శ్రీకంఠయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. "మొన్న తుడిచేసిందీ ఇదే గదమ్మా? దీన్ని తీసేదెట్లా?"

"తీసేది సులభమేప్పా. తీస్తే రేపు పొద్దున్నే ట్రైనెక్కాల."

ధన్య "ఒప్పుకుంటున్నాను" నొక్కింది. కెమెరా పక్కన చిన్న దీపం వెలిగింది. పిల్ల జుట్టు సవరించుకుని, నిటారుగా కూర్చుంది.

అందుకేనండీ, ఆ పోయిన చుట్టమంటే నాకింత గౌరవం. దానికి కొంచెమైనా సిగ్గుండేది. దాక్కుని చూసేది!