ఎవరిదీ కాని ఆటపెట్టె

ఆ ఆదివారం ఉదయం బీమా కంపెనీ ఇన్‌స్పెక్టరు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. భార్య నిద్రలేచేలోగా కొత్త ఆటపెట్టెను సిద్ధం చేసుకోవాలి, భోజనాల వేళ దాకా ఆడుకోవాలి, ఈలోగా ఎవరు పిలిచినా వినబడనట్టు ఉండాలి. వారమంతా కాలిపోయిన దుకాణాల్లో, గుద్దుకున్న కార్లలో, పోయాయంటున్న నగల్లో నిజమెంతో అబద్ధమెంతో తేల్చడం అతని ఉద్యోగం. ఎదుటి మనిషి అబద్ధమాడుతుంటే గుటక మింగే తీరును బట్టి పట్టేస్తాడని ఆఫీసులో పేరు. అలాంటివాడికి వారంలో ఒక్కపూట ఎవర్నీ అనుమానించకుండా కూర్చోవాలనిపిస్తే తప్పేముంది.

ఆటపెట్టె రెండు చేతుల్లో ఇమిడేంత ఉంటుంది. మధ్యలో తెర, అటూ ఇటూ మీటలు. దాన్ని అంటగట్టింది బావమరిది. “కంపెనీవాళ్లది కొంటే వాళ్లు ఆడించినట్టు ఆడాలి బావా. ఇది ఓపెన్ సోర్స్. లోపలేముందో అందరికీ తెలుసు. ఎవరైనా విప్పొచ్చు, మార్చొచ్చు. దీనికి యజమానంటూ ఎవడూ లేడు” అని ఊదరగొట్టాడు. యజమాని పట్టించుకోని గోదాములు ఎలా తగలబడతాయో కళ్లారా చూసినవాడికి ఆ మాటకే అనుమానం రావాలి. రాలేదు. చిన్నప్పుడు వీధిచివర ఆటల దుకాణంలో అద్దానికి ముక్కు ఆనించి, ఇతరులు ఆడుతుంటే చూస్తూ పెరిగాడు మరి. నలభై దాటాక చేతికందిన ఆటను అనుమానించబుద్ధి కాలేదు.

మీట నొక్కితే తెరమీద తెల్ల అక్షరాలు బారులు తీరి వచ్చాయి, ఓచోట ఆగిపోయాయి. పెట్టెతోపాటు వచ్చిన కాగితంలో, వివరాలన్నీ నెట్‌లో ఉన్నాయని తప్ప మరేం లేదు. నెట్‌లో ఈ పెట్టె అభిమానుల సంఘం ఒకటుంది. తన గోడు అక్కడ రాసుకున్నాడు. ఇదంతా ఇదివరకే చెప్పాం, వెతుక్కోమని ఎవరో జవాబిచ్చారు. వెతికాడు. ఇదే సమస్య మీద ఇద్దరు మేధావులు ఒకరిమీద ఒకరు దుమ్మెత్తిపోసుకుని, పరిష్కారం మాత్రం చెప్పకుండా ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయిన చోటు దొరికింది. చివరికి ఓ పుణ్యాత్ముడు కనికరించాడు. పెట్టెతో ఇచ్చిన మెమొరీ కార్డు నాసిరకందట. దాన్ని పారేసి, మంచి కార్డు మీద సిస్టమ్ అంతా కొత్తగా ఎక్కించుకోవాలట.

మంచి కార్డులకు ఆ ఇంట్లో కొదవ లేదు. భార్యకు ఫొటో స్టూడియో ఉంది. కార్డులన్నీ ఓ చిన్న డబ్బాలో రెండు అరల్లో ఉంటాయి. ఒకటి ఖాళీవాటికి, ఒకటి నిండినవాటికి. ఏది దేనికో ఆవిడ అతనికి చాలాసార్లు చెప్పింది. ఆవిడ చాలాసార్లు చెప్పిన విషయాలన్నిటికీ పట్టిన గతే దానికీ పట్టింది. ఓ కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాడు. దీనిమీద ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని కంప్యూటరు అడిగింది. చదవకుండా సంతకాలు పెట్టేవాళ్లను రోజూ మందలించే ఇన్‌స్పెక్టరు, చదవకుండానే సరేనన్నాడు.

పెట్టె బతికింది. అందులో ఉన్నది ఒకటే ఆట, బాతు గోడలు దూకేది. దూకమంటే కూర్చుంటుంది, కూర్చోమంటే దూకుతుంది. శబ్దం పెంచితే మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంది. పెట్టె కాసేపటికే కాలసాగింది. అయినా బాతు మొదటి గోడ దూకినప్పుడు ఇన్‌స్పెక్టరు ముఖం వెలిగిపోయింది. రెండో గోడ దగ్గర బాతు గాల్లోనే బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి భార్య గొంతు వినిపించింది.

“కుడి అరలో కార్డు ఏది?”

ఆవిడ ముందురోజు తీసిన ఫొటోలవి. ఊరందరికీ చూపునిచ్చే కళ్ల డాక్టరు గారి తల్లికి తొంభయ్యో పుట్టినరోజు. డాక్టరుకీ, ఇళ్లు కట్టించే ఆయన తమ్ముడికీ ప్రహరీగోడ తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేవు. తల్లి కోసం ఇద్దరూ వచ్చారు. ఆవిడ కుర్చీకి చెరోపక్క నిలబడి, చెరో భుజం మీద చెయ్యి వేశారు. ముసలావిడ వాళ్ల చేతులు పట్టుకుని నవ్వింది. తన వృత్తిలో అంత మంచి ఫొటో పడలేదని భార్య రాత్రి భోజనం దగ్గర మురిసిపోతూ చెప్పింది కూడా.

తను చెరిపేసింది ఏ కార్డో ఇన్‌స్పెక్టరుకి అప్పుడు అర్థమైంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ భార్య ముఖం చూసేసరికి వెనక్కి పోయింది. నాకేం తెలుసన్నాడు. అబద్ధాలాడేవాళ్లు అతిగా వివరించి దొరికిపోతారని అతనికి బాగా తెలుసు. అందుకని పొదుపుగా ఆడాడు.

“నిన్న డబ్బా సర్దింది ఆల్బమ్ అక్కేనా?” అని అడిగింది భార్య.

“అయ్యుంటుంది” అన్నాడు.

ఆ ఒక్క ముక్కతో కొంప మునిగింది. ఆల్బమ్ అక్క అంటే స్టూడియో తెరిచిన నాటినుంచీ భార్య పక్కనే ఉన్న మనిషి. భర్త పోయాక కంప్యూటరు పని నేర్చుకుని, ఫొటోలు సరిదిద్దడం, ఆల్బమ్‌లు కుట్టించడం అంతా ఆవిడే చూస్తుంది. భార్యను చెల్లెమ్మా అంటుంది, ఇన్‌స్పెక్టరును బావగారూ అంటుంది. అలాంటి మనిషికి ఫోన్ చేసి, కార్డు పొరపాటున ఇంటికి తీసుకెళ్లావా అని భార్య అడిగింది. లేదంది అక్క. మరి డబ్బా నువ్వేగా సర్దావు అంది భార్య. సర్ది అక్కడే పెట్టానంది అక్క. ఈమధ్య సొంతంగా ఆర్డర్లు పడుతున్నావని ఎవరో అన్నారు, ఫొటోలు కావాలంటే అడిగి తీసుకోవచ్చుగా అంది భార్య. అంత మాట అనాలని ఆవిడ అనుకోలేదు. ఖంగారులో నోరుజారింది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఇన్‌స్పెక్టరు పక్క గదిలో అంతా విన్నాడు. చేతిలో పెట్టె కాలుతోంది, అయినా వదల్లేదు. ఆ మధ్యాహ్నమే కార్డు జేబులో వేసుకుని, పోయిన ఫొటోలు వెలికితీసే దుకాణానికి పరిగెత్తాడు. దుకాణంవాడు చూసి, ఏం ఎక్కించారు దీనిమీద అని అడిగాడు. చెప్పాడు. పారేసినవైతే ఏరుకోవచ్చు గానీ, వాటిమీద ఇల్లు కట్టేస్తే ఏం తవ్వగలమని కార్డు తిరిగిచ్చేశాడు. దాన్ని ఇంట్లో దాచడానికి భయం వేసి, అనుమానం రాని చోటు ఆటపెట్టేనని మళ్లీ అందులోనే దూర్చాడు.

మర్నాడు పొద్దున్నే అక్క వచ్చింది, స్టూడియో తాళంచెవి ఇచ్చేయడానికి. తలుపు తీసింది ఇన్‌స్పెక్టరు. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“చెల్లెమ్మతో ఒక మాట చెప్పి పోదామని వచ్చాను బావగారూ. ఆ ఫొటోల సంగతే.”

ఫొటోల సంగతి అనగానే అతను గుమ్మానికి అడ్డం వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే కూడికలూ తీసివేతలూ జరిగి, మిగిలేది తనే. ఆవిడకి ఒంట్లో బాగాలేదు, ఇప్పుడేం మాట్లాడే స్థితిలో లేదు, నేను చెబుతాలెండి అంటూ తాళంచెవి అందుకుని, మర్యాదగా తలుపు వేశాడు. లోపల భార్య ఎవరని అడిగితే, అక్క తాళం ఇచ్చి వెళ్లిపోయిందన్నాడు. ఒక్క మాటైనా అనలేదా అంది భార్య. లేదన్నాడు. భార్య గోడవైపు తిరిగి పడుకుంది. తప్పుచేసింది గనకే ముఖం చాటేసిందని ఆవిడ అనుకుంది. తానన్న మాట భరించలేక పోయిందేమోనని కూడా అనుకుంది. రెండూ కలిసి ఆవిడకి ఆ పూట అన్నం సహించలేదు.

డాక్టరు గారికి కార్డు పాడైందని చెప్పుకున్నారు. ఆయన మండిపడ్డాడు. చివరికి భార్యే, అందర్నీ మరోసారి కూర్చోబెడితే ఉచితంగా తీసిస్తానని బతిమాలి ఒప్పించింది. తర్వాతి ఆదివారం, అవే బట్టల్లో, అదే హాల్లో. అక్క లేదు కాబట్టి లైటు పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టరు వెళ్లాల్సి వచ్చింది. ఆటపెట్టె భుజానికున్న సంచిలో ఉంది. ఇంట్లో వదిలితే భార్య కంటపడుతుందని ఎక్కడికెళ్లినా దాన్ని మోసుకు తిరుగుతున్నాడు.

ముసలావిడ ఒక్కతే హుషారుగా ఉంది. ఏడాదిలో రెండు పుట్టినరోజులొచ్చాయని అందరికీ చెబుతోంది. మిగతావాళ్లు పని మానుకొచ్చిన ముఖాలతో ఉన్నారు. మొదటిసారి మొహమాటంతో గడిచిపోయింది. రెండోసారికి మొహమాటం అరిగిపోయింది. నేను కుడిపక్క నిలబడ్డానని తమ్ముడన్నాడు. కాదు, నేనని డాక్టరన్నాడు. నీది ఎప్పుడూ పక్కవాడి జాగా ఆక్రమించే బుద్ధేనని తమ్ముడు అనేసరికి, ప్రహరీగోడ మళ్లీ లేచింది. ఎవరి పునాది ఎవరి వైపు జరిగిందో తల్లి ముందే లెక్కలు తీశారు. తమ్ముడు పెళ్లాం పిల్లల్ని వెంటేసుకుని విసురుగా వెళ్లిపోయాడు. తల్లి చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

ఏం చెయ్యాలో తోచక, ఆ జాగాలో ఎవరైనా నిలబడితే తర్వాత కంప్యూటర్లో తల మారుస్తానని భార్య నసిగింది. నిలబడటానికి ఇన్‌స్పెక్టరు తప్ప ఎవరూ లేరు. అతను వెళ్లి ముసలావిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ తలెత్తి ముఖం చూసి, నువ్వెవరు బాబూ అని అడిగింది.

అంతలో ఆల్బమ్ అక్క లోపలికి వచ్చింది, చంకలో పెద్ద ఆల్బమ్‌తో. నేరుగా డాక్టరు గారి భార్య దగ్గరకెళ్లి చేతికిచ్చింది.

“ఫొటోలు పోయాయని, ఇవాళ మళ్లీ తీస్తున్నారని నిన్న మీరు ఫోన్లో అన్నారు. నా దగ్గర భద్రంగానే ఉన్నాయండి. ఆ రోజు అందరూ భోజనాలు చేస్తుంటే నా లాప్‌టాప్‌లోకి ఒక కాపీ తీసుకున్నాను, చెల్లెమ్మకి పని తగ్గుతుందని. పట్టిన పని మధ్యలో వదలడం ఇష్టంలేక పూర్తిచేసి తెచ్చాను.”

ముసలావిడ ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుంది. మొదటి పేజీలోనే ఇద్దరు కొడుకులూ ఆవిడ చేతుల్లో ఉన్నారు. ఆవిడ చిన్నకొడుకు ముఖాన్ని వేలితో తడిమింది. డాక్టరు కిటికీ దగ్గరకెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

భార్య కెమెరా దించింది. “నాకెందుకు చెప్పలేదు అక్కా?”

“చెబుదామనే వచ్చాను చెల్లెమ్మా, తాళం ఇచ్చిన రోజు. నీకు ఒంట్లో బాగాలేదని, నా మాట పూర్తికాకుండానే తనే చెబుతానని బావగారన్నారు.”

హాల్లో ఉన్న కళ్లన్నీ ఇన్‌స్పెక్టరు మీదికి తిరిగాయి. అతను గుటక మింగాడు. ఇంకేదైనా అబద్ధం దొరికేదేమో గానీ, సంచిలో ఉన్న పెట్టె అందుకు వ్యవధి ఇవ్వలేదు. ఆపేసినా తనంతట తనే మేలుకోవడం దానికున్న జబ్బుల్లో ఒకటి. దాన్ని బాగుచేసే తీరిక సంఘంలో ఇంకా ఎవరికీ దొరకలేదు. సంచిలోంచి బాతు అరుపులూ చిటపటలూ మొదలయ్యాయి. బయటికి తీసి ఎన్ని మీటలు నొక్కినా ఆగలేదు. కార్డు లాగేస్తే ఆగుతుందని లాగాడు. చెమట చేతుల్లోంచి అది జారి భార్య కాళ్ల దగ్గర పడింది. ఆవిడ వంగి తీసింది. తన కార్డులు వేరేవాళ్లవాటితో కలిసిపోకుండా ఆవిడ ప్రతిదానికీ మూలన గోళ్లరంగు చుక్క పెట్టుకుంటుంది. ఆ చుక్కను బొటనవేలితో రుద్ది చూసింది. చెరగలేదు.

ఆవిడ కార్డును కెమెరా సంచిలో వేసుకుంది. సామాను సర్దింది. ఇంటికొచ్చి, చెప్పులు విడిచాక అంది.

“ఆ రోజు చెప్పుంటే తిట్టేదాన్ని. ఒక పూట మాట్లాడేదాన్ని కాదు. ఆ ఖంగారులో మొదట అక్కకే ఫోన్ చేసేదాన్ని. కాపీ ఉందని అప్పుడే తెలిసేది. మీరు పోగొట్టింది ఫొటోలు కాదు.”

ఇద్దరూ అక్క ఇంటికి వెళ్లారు. అక్క కుర్చీలు వేసింది, మంచినీళ్లిచ్చింది, కోపమేమీ లేదంది. నిజంగానే గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండునని ఇన్‌స్పెక్టరుకి అనిపించింది. క్షమించమని అతను గొణిగితే, ఫరవాలేదు సార్ అంది. బావగారు ఎప్పుడు సార్ అయ్యాడో ఎవరూ గమనించనట్టే ఉన్నారు. తిరిగి వచ్చేయమని భార్య చెయ్యి పట్టుకుని అడిగింది.

అక్క ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది. “వస్తే నాకూ బాగానే ఉంటుంది చెల్లెమ్మా. కానీ ఇకమీద ఏది కనబడకపోయినా నువ్వు ఒక్క క్షణం నా వైపు చూస్తావు. వెంటనే చూపు తిప్పేసుకుంటావు, నాకు తెలుసు. ఆ ఒక్క క్షణం నేను తట్టుకోలేను.”

వీధి మలుపు దాకా అక్క వచ్చి సాగనంపింది.

మరుసటి ఆదివారం నుంచి లైటు స్టాండు పట్టుకునే ఉద్యోగం ఇన్‌స్పెక్టరుకి ఖాయమైంది; జీతం లేదు, సెలవు లేదు, పక్కన కెమెరా పట్టుకున్న మనిషితో మాటలూ లేవు.