నీలం ఇయర్‌బడ్స్‌కు తొమ్మిదిన్నర మార్కులు

ఆ ఉదయం చేయవలసిన పనులు మూడే. తొమ్మిదింటికి వంట ముగించడం, పదింటికి పడకగదిలో తెర కట్టడం, పదకొండింటికి పాఠం చెప్పడం. కొలతలమ్మ వాటిని కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకు వంకర లేకుండా అంటించింది.

ఆ పేరు భర్త పెట్టింది. దుప్పటి అంచులు రెండు వైపులా సమానంగా వేలాడుతున్నాయో లేదో స్కేలు పెట్టి చూసే మనిషిని ఇంకేమని పిలవమంటారని ఆయన అడుగుతాడు. లెక్కల్లో డిగ్రీ చేసి, పన్నెండేళ్ళుగా ఆ లెక్కలన్నీ దుప్పట్ల మీదే ఖర్చుపెడుతున్న ఆవిడకు ఇన్నాళ్ళకు ఒక ఆన్‌లైన్ ట్యూషన్ సంస్థ నుంచి పిలుపు వచ్చింది. ఐదుగురు పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. ఉత్తరం చివర లావుపాటి అక్షరాల్లో ఒక షరతు: పాఠం మధ్యలో ఇంటి చప్పుళ్ళు వినిపిస్తే దరఖాస్తు అంతటితో సరి.

ఆ ఇంట్లో చప్పుళ్ళకు కరువు లేదు. అత్తగారికి మెల్లగా మాట్లాడటమే చేతకాదు. భర్త తుమ్మితే పక్కింటి కుక్క లేచి కూర్చుంటుంది. అందుకని ఆవిడ చవకరకం ఇయర్‌బడ్స్ మూడు జతలు తెప్పించింది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు, ఒకటి నీలం. మూడు డబ్బాల మీదా ‘నాయిస్ క్యాన్సలేషన్’ అని మెరుస్తూ రాసి ఉంది. నచ్చనివి పదిరోజుల్లోగా తిప్పి పంపేయవచ్చు.

వారమంతా పరీక్షలు జరిగాయి. నోటుపుస్తకంలో గళ్ళు గీసి మరీ మార్కులు వేసింది. తెల్లవి ఫ్యాను హోరును బాగానే మింగాయి కానీ, గిన్నెలు తోమడానికి వంగితే జారిపోయాయి: నాలుగు. నల్లవాటిలో మనిషి నూతిలోంచి మాట్లాడినట్టుంది: ఐదున్నర. నీలంవి పెద్దసైజు రబ్బరు తొడుగులతో బిగించి పెట్టుకుంటే, పక్కనే తిరిగే మిక్సీ నాలుగిళ్ళ అవతల తిరుగుతున్నట్టనిపించింది.

మనిషి గొంతు పరీక్షకు భర్తను గుమ్మంలో నిలబెట్టింది. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, ఆపకుండా."

ఆయన మొదట తడబడ్డాడు. ఆమెకు నిజంగానే వినిపించడం లేదని రూఢి అయ్యాక మాత్రం హుషారొచ్చింది. పన్నెండేళ్ళుగా కడుపులో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటపెట్టాడు. కొలతలమ్మ తల ఊపుతూ రాసుకుంది: ‘పెదాలు కదులుతున్నాయి. మాట రావడం లేదు. తొమ్మిదిన్నర.’

"నాకు మాత్రం అన్నీ వచ్చాయిరా," అంది వెనకనుంచి అత్తగారు. "ఆ దుప్పటి సంగతి ఇంకోసారి చెప్పు."

ఆ సాయంత్రం ఆయన ఎవరూ అడగకుండానే తల్లి కళ్ళజోడు తుడిచిపెట్టాడు.

అవతలివాళ్ళకు ఎలా వినిపిస్తుందో కూడా చూడాలి కదా అని కొలతలమ్మ అక్కకు ఫోన్ చేసింది. అక్క అరగంట ఏకబిగిన మాట్లాడి, "భలే వినిపిస్తోందే!" అంది. ఆ అరగంటలో చెల్లెలు అన్నవి రెండే మాటలు, "అవునా" ఒకటి, "ఉంటానక్కా" ఒకటి. అయినా గడిలో టిక్కు పడింది.

పొరపాటు అక్కడే జరిగింది. ఆ నాయిస్ క్యాన్సలేషన్ చప్పుడును ఆపేది పెట్టుకున్నవాళ్ళ చెవికే. అవతల వినేవాళ్ళకు ఇంటి చప్పుడు ఇంటి చప్పుడే. ఈ సంగతి ఏ డబ్బా మీదా మెరుస్తూ రాసి లేదు.

పదకొండుకు పది నిమిషాలుందనగా ప్లంబరు వచ్చాడు. స్నానాలగది అటక మీది చిన్న ట్యాంకు అడుగున గొట్టం కారుతోందని నాలుగు రోజులుగా పిలుస్తుంటే, "దార్లోనే ఉన్నానండీ" అంటూ వచ్చిన మనిషి. ఆ స్నానాలగది తలుపు తెరుచుకునేది సరిగ్గా పాఠం చెప్పబోయే పడకగదిలోకే.

"ఇప్పుడు పంపేస్తే మళ్ళీ దొరకడు," అన్నాడు భర్త నసుగుతూ. "పోనీ నీ పాఠం అయ్యేదాకా కూర్చోబెట్టనా?"

"ఎందుకండీ? కొట్టుకోండి, కోసుకోండి, మీ ఇష్టం," అంది కొలతలమ్మ నీలం డబ్బా తెరుస్తూ. "మరి ఇవెందుకు కొన్నాను?"

తన కుర్చీ వెనక తాడు మీద తెల్లదుప్పటి పదింటికే కట్టేసింది, బీరువా కనపడకుండా. అంచులు సమానంగా ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకుంది. చెవుల్లో బడ్స్ బిగించింది. లోకం సద్దుమణిగింది.

ల్యాప్‌టాప్‌లో ఐదు గళ్ళలో ఐదుగురు పిల్లలు. ఆరో గడిలో పరీక్ష చేసే పెద్ద మేడమ్, నవ్వాలంటే పైనుంచి అనుమతి రావాలన్నట్టు కూర్చుని ఉంది.

"పిల్లలూ, మనకొక ట్యాంకు ఉంది," అని మొదలుపెట్టింది కొలతలమ్మ. "పై గొట్టం తెరిస్తే మూడు గంటల్లో నిండుతుంది. అడుగున ఇంకో గొట్టం. దాన్ని తెరిస్తే నిండు ట్యాంకు ఆరు గంటల్లో ఖాళీ. రెండూ తెరిచి ఉంచితే ఎంతసేపట్లో నిండుతుంది?"

సరిగ్గా అప్పుడే దుప్పటి వెనక ఫెళ్ళుమంది.

"పై కుళాయి కట్టెయ్యండి పెద్దమ్మగారూ! కింది గొట్టం చేతికొచ్చేసింది!" ప్లంబరు అరిచాడు.

"ఏది పై కుళాయి? ఇక్కడ మూడేడిశాయి!" అంటూ అత్తగారు చేతికందినది తిప్పింది. అది షవరుది.

కొలతలమ్మ చెవుల్లో మాత్రం చల్లని ప్రశాంతత. అందులోకి రెండు జడల పిల్ల గొంతు తేటగా వచ్చింది. "మేడమ్, కింది గొట్టం ఊడిపోతే లెక్క మారుతుందా?"

ఎంత లోతైన ప్రశ్న! కొలతలమ్మ మురిసిపోయింది. "తప్పకుండా మారుతుందమ్మా. నీళ్ళు ఇంకా జోరుగా పోతాయి కదా?"

"పోతున్నాయి మేడమ్!" అన్నారు ఐదుగురూ ఒకేసారి.

కళ్ళద్దాల అబ్బాయి చెయ్యెత్తాడు. "మేడమ్, బకెట్టు చిన్నదా, పెద్దదా?"

"ఏ బకెట్టు నాన్నా?"

"బామ్మగారు తెచ్చింది."

ఆరో గడిలో కనుబొమ్మలు పైకి లేచాయి. బకెట్టూ లేదు, బామ్మా లేదు అంటే పిల్లవాడు చిన్నబోతాడు, పాఠం కుంటుతుంది. కొలతలమ్మ తడుముకోలేదు. "సరే, బామ్మగారినీ లెక్కలోకి తీసుకుందాం. బామ్మ నిమిషానికి రెండు బకెట్లు తోడుతుంది అనుకోండి..."

దుప్పటి వెనక అత్తగారికి కోడలి మాట గంట కొట్టినట్టు వినిపించింది. "నిమిషానికి రెండా? నా నడుమేమైనా ఇనపదా? నీ మొగుడు ఖాళీగా నించుని చూస్తున్నాడు, వాణ్ణి పెట్టు లెక్కలో!"

పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. కొలతలమ్మకు ఆ నవ్వొక్కటే వినిపించింది. తన చమత్కారం పండిందనుకుని కాస్త గర్వపడింది కూడా. "నవ్వుతారేం? బామ్మ ఒక్కత్తి వల్ల కాకపోతే ఇంకొకరు సాయం రావచ్చు కదా?"

"వస్తున్నానే, వస్తున్నా!" అని భర్త తుడుపుగుడ్డతో పరుగెత్తాడు.

స్నానాలగది బల్బు వెలుగులో దుప్పటి మీద నీడలు పడ్డాయి. ఒక నీడ పెద్ద పానా ఎత్తుతోంది. ఒకటి బకెట్టుతో వంగుతూ లేస్తోంది. ఇంకొకటి, ఉన్నచోటనే, గబగబా జారుతోంది. పిల్లలు రెప్ప వేయకుండా చూస్తున్నారు. ‘ఎంత శ్రద్ధ!’ అనుకుంది కొలతలమ్మ.

అరికాలికి చల్లగా తగిలితే ఫ్యాను గాలి అనుకుంది. ఆ తర్వాత బల్ల కిందనుంచి తమ సబ్బుపెట్టె నింపాదిగా తేలుతూ ముందుకు వచ్చింది. దాన్ని చూసి, అనుమానంగా ఒక చెవిలోది తీసింది.

ఇల్లంతా ఒక్కసారిగా చెవిలో పడింది. అదే క్షణంలో భర్త కాలు పూర్తిగా జారింది. చేతికందిన దుప్పటి పట్టుకున్నాడు. తాడుతో సహా ఊడి వచ్చింది.

అందరూ కనపడ్డారు. నిలువునా తడిసిన ప్లంబరు, కొంగు బిగించి బకెట్టు ఎత్తిపట్టిన అత్తగారు, నేల మీద దుప్పట్లో చుట్టుకుపోయిన భర్త. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"అయిపోయిందమ్మా," అన్నాడు ప్లంబరు ముఖం తుడుచుకుంటూ. "అడుగున బిరడా కొట్టేశాను. ఇక చుక్క కూడా పోదు."

"అయితే ఇక మూడు గంటల్లో నిండుతుంది మేడమ్!" కళ్ళద్దాల అబ్బాయి గంతేశాడు. "కింది గొట్టం లేదుగా!"

కాళ్ళ కింద నీళ్ళున్నా కొలతలమ్మకు అలవాటు పోలేదు. "మరి రెండూ తెరిచి ఉంటే?"

"ఆరు గంటలు!" అంది రెండు జడల పిల్ల. "గంటకు మూడోవంతు వస్తుంది, ఆరోవంతు పోతుంది. ఆరోవంతే మిగులుతుంది."

జవాబు ఒప్పు. ఉద్యోగం మాత్రం సబ్బుపెట్టె వెంట తేలిపోయిందని కొలతలమ్మకు అర్థమైంది. గొంతు సర్దుకుంది. "మేడమ్, ఇదేదీ పాఠంలోది కాదండీ. మా స్నానాలగది. షరతు నాకు గుర్తుంది. మీ సమయం వృథా చేశాను."

"స్నానాలగదని తెలుసమ్మా. మీ అత్తగారు పావుగంటనుంచీ చెబుతూనే ఉన్నారు." పెద్ద మేడమ్ మొహంలో నవ్వు ఎవరి అనుమతీ లేకుండానే వచ్చేసింది. "ఈ వారం పదకొండు పాఠాలు విన్నాను. చీమ చిటుక్కుమంటే ఒట్టు. పిల్లలు సగంలోనే కునుకు తీశారు. ఇవాళ ఒక్కరూ కదల్లేదు, లెక్క కూడా వచ్చింది. ఆ షరతు రాసింది నేనే, కొట్టేసేదీ నేనే. సోమవారం చేరండి." ఆపైన అడిగింది. "అత్తగారికి ఆ రోజు వీలవుతుందా?"

అత్తగారు బకెట్టు దించి, తడి కొంగు సర్దుకుంది. "వీలు చూసుకుంటాలే. సోమవారం ఏం పాఠమే?"

"ఎదురెదురుగా వచ్చే రైళ్ళు అత్తయ్యా."

నేల మీంచి లేవబోతున్న భర్త మళ్ళీ కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం తెల్లవీ నల్లవీ తిప్పి పంపేశాక, కొలతలమ్మ నోటుపుస్తకం తీసి నీలం గడిలో తన చివరి అభిప్రాయం రాసింది: ‘బయటి చప్పుడు చెవికి రానివ్వవు. ఇంటి చప్పుడు ఊరికి పోకుండా ఆపవు. ఉద్యోగం కావలసినవారు తప్పక కొనవచ్చు.’