ఎందుకని అడిగిన కోడలు

పొద్దున్న కాఫీలయ్యాక ఎవరికీ చెప్పకుండా కాస్త సాధన చేసుకుని, తీరిగ్గా ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కూర్చోవాలన్నది కోడలి ఆలోచన. బడిలో లెక్కల టీచరు పని మానేశాక ఆమెను పిలిచిన మొదటి కంపెనీ ఇదే. ఉద్యోగం పేరు బిజినెస్ అనలిస్ట్. సాఫ్ట్‌వేర్ కావాలని వచ్చినవాళ్లకు అసలేం కావాలో అడిగి తెలుసుకుని, దాన్ని తయారుచేసేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. జవాబు రాగానే మళ్లీ ‘ఎందుకు’ అని అడగాలనీ, ఇది సాధన అని తెలిస్తే ఎదుటివాళ్లు మొహమాటానికి మాట్లాడతారనీ ఆమె చూసిన వీడియోలో చెప్పారు. అందుకే ఇంట్లో చెప్పలేదు. కొంప ముంచింది అదే.

"అత్తయ్యా, ఈ వంటింట్లో మీకు ఇబ్బందేమైనా ఉందా?"

అత్తగారి చేతిలో గిన్నె ఆగిపోయింది. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆవిడను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"సింకు కిందికుంది. నడుం పట్టేస్తోంది."

"ఎందుకు కిందికుంది?"

"మీ మావయ్య దగ్గరుండి కట్టించారు."

"మీరప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వినే మనిషా? అయినా పొద్దున్నే ఈ ఆరాలేంటమ్మాయ్?"

కోడలు అప్పటికే హాల్లోకి వెళ్లి, పేపరు చదువుతున్న మావగారి ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, ఈ ఇంటితో మీ అవసరాలన్నీ తీరుతున్నాయా?"

పేపరు మెల్లగా కిందికి దిగింది. "తీరకపోతే?"

"ఎలాంటిది కావాలంటారు?"

మావగారు లేచి వంటింట్లోకి వెళ్లి, గొంతు తగ్గించారు. "విన్నావా? వీళ్లు ఇల్లు అమ్మేద్దామని చూస్తున్నారు."

"అదా సంగతి! అందుకే నా దగ్గర కూపీ లాగింది," అంటూ అత్తగారు కళ్లొత్తుకున్నారు.

ఇల్లు ఎంత పలుకుతుందో ఊరికే తెలుసుకుందామని మావగారు పక్కవీధి బ్రోకరుకు ఫోన్ చేశారు. బ్రోకర్లకు ‘ఊరికే’ అన్న మాట వినపడదు.

కోడలు గది తలుపేసుకుని లాప్‌టాప్ తెరిచేసరికి ఆఫీసు నుంచి భర్త ఫోన్. "ఇల్లు అమ్మేస్తున్నామటగా? అమ్మ ఒకటే ఏడుపు. నాకొక్క మాట చెప్పొద్దూ?" అంతలో తెర మీద ఇంటర్వ్యూ చేసే ఆవిడ ప్రత్యక్షమైంది. కోడలు ఫోన్ పెట్టేసి నమస్కారం పెట్టింది.

మొదటి ప్రశ్న పూర్తికాకముందే తలుపు బార్లా తెరుచుకుంది.

"ఇది పెద్ద బెడ్రూము సార్. గాలీ వెలుతురూ చూసుకోండి," అంటూ బ్రోకరు. వెనకే ఇల్లు కొనడానికొచ్చిన భార్యాభర్తలు. వాళ్ల వెనక, "నేను ధరే కదయ్యా అడిగింది," అంటూ మావగారు. కొనడానికొచ్చినాయన గోడను వేళ్లతో కొట్టి చూస్తున్నాడు.

"ఏమండీ, అక్కడేం జరుగుతోంది?" అంది తెర మీది ఆవిడ.

కోడలు ఇక ఉద్యోగం పోయినట్టే అనుకుంది. అలా అనుకున్నాక భయం కూడా పోయి, కుతూహలమొక్కటే మిగిలింది. కుర్చీ వాళ్లవైపు తిప్పింది.

"మీరు ఇల్లెందుకు కొంటున్నారండీ?"

"ఉన్నది ఇరుకండీ," అన్నాడాయన.

"ఎక్కడ ఇరుకు?"

"వంటింట్లో," అంది ఆయన భార్య. "నేను పని చేసుకుంటుంటే ఈయన అడ్డంగా తిరుగుతుంటారు. మసలడానికి చోటుండదు."

"వంటింట్లోకి మీరెందుకు వెళ్తారండీ?"

ఆయన గోడ కొట్టడం ఆపాడు. "అక్కడైతేనే నాతో మాట్లాడుతుంది. హాల్లోకొస్తే టీవీ చూస్తుంది."

భార్య ఆయనవంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఆ ముక్క నాతో అనొచ్చుగా," అంది. "పదండి, ఇంటికెళ్దాం."

ఇద్దరూ వెళ్లిపోయారు. "చేతికొచ్చిన బేరమమ్మా!" అని బ్రోకరు లబోదిబోమన్నాడు. మావగారు అతన్ని రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్లారు.

"మీలాంటివాళ్లను పెట్టుకుంటే మాకూ బేరాలుండవు," అంది తెర మీది ఆవిడ. కోడలు తల దించుకుంది. "సరే, ఒకటి చెప్పండి. మా క్లయింట్ ఒకాయన చేసిచ్చిందల్లా మళ్లీ మార్చమంటాడు. విసుగెత్తిపోయాం. ఏం చెయ్యమంటారు?"

"ఎందుకు మార్చమంటున్నారో అడిగారా?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"సోమవారం వచ్చి చేరండి. ఆ అడిగేదేదో మీరే అడుగుదురుగాని."

అసలు సంగతి విన్నాక అత్తగారు కళ్లు తుడుచుకుని, "ముందే చెబితే మీ మావయ్య గురించి ఇంకా బోలెడు చెప్పేదాన్ని కదమ్మా," అన్నారు.

సోమవారం కోడలు ఆ క్లయింట్‌కు ఎదురుగా కూర్చుని, ఎందుకని అడిగింది. ఆయన బాగా ఆలోచించి, ప్రాజెక్టే వద్దన్నాడు.