సెక్రటరీ ముళ్ళపంది తీర్మానం

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, మునిగి లేచినవాళ్ళ సంఘం ఒకటి ఉండేది. ఊహ తెలియని పిల్లలకు వాళ్ళు బాప్తిస్మం ఇవ్వరు. పెరిగి పెద్దయి, నమ్మి, ఆ సంగతి తన నోటితో తానే ఒప్పుకున్న జంతువునే వాగులో ముంచి లేపుతారు.

వాళ్ళ తాతలు సింహం కొండ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. అక్కడ గ్రంథానికి అర్థం చెప్పే హక్కు సింహం ఒక్కదానిదే. ఇంకో అర్థం చెప్పినవాళ్ళకు పంజా దెబ్బే. అందుకని వాగొడ్డుకు రాగానే తాతలు ఒకే ఒక్క నియమం పెట్టుకున్నారు: గ్రంథం ఎవరికి వారే చదువుకోవాలి, దేవుడికి జవాబు ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఏటా ఆ నియమం పేరిట పండుగ చేసేవారు. అందులో అన్నిటికంటే పొడుగు ప్రసంగం సంఘం సెక్రటరీ సత్యానందం గారిది. ఆయన ముళ్ళపంది. మనస్సాక్షి స్వేచ్ఛ గురించి ఆయన మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఇంకెవరికీ నోరు విప్పే స్వేచ్ఛ ఉండేది కాదు.

ఆ ఏడు ఆదివారం బడి దగ్గర చిక్కు వచ్చిపడింది. అక్కడ పాఠం చెప్పేది కరుణమ్మ అనే ముసలి ఉడుత. 'పండు పండిన దినమున నీ పొరుగువానిని పిలువుము' అనే వచనం చెబుతూ, అవతలి ఒడ్డు గబ్బిలాలు కూడా పొరుగువాళ్ళే అంది. పిల్లలు ఊరుకుంటారా? పోయి పిలిచారు. గబ్బిలాలు వచ్చి మేడిచెట్టు సగం ఖాళీ చేశాయి. రోజూ ఆ చెట్టు కింద రాలిన పండ్లు తినేది సత్యానందం గారే. ఆ ముక్క మాత్రం ఆయన ఎవరితోనూ అనలేదు.

"సిద్ధాంతానికే ముప్పు వచ్చింది!" అన్నారు సంఘ సమావేశంలో. వెంటనే తీర్మానం చదివారు: "పొరుగువాడు అనగా మన వాగులో మునిగి లేచినవాడు మాత్రమే. ఈ అర్థానికి పాదముద్ర వేయనివారు సంఘంలో ఉండరు."

కరుణమ్మ లేచింది. "నేను ముద్ర వెయ్యలేనయ్యా. ఈ బడి నా ప్రాణం. తీసేస్తే ఏడుస్తాను. కానీ నాకు అర్థమైంది అర్థం కాలేదని ఎట్లా చెప్పను?"

పాస్టరు దేవసహాయం అనే ఎలుగుబంటి. అందరూ అయ్యగారు అంటారు. గొడవ వస్తే ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. "కమిటీ వేద్దాం," అన్నారు.

తాబేలునీ, కుందేలునీ కమిటీగా వేశారు. వారం రోజులు కూర్చున్నారు.

"మునిగి అంటే చాలదు," అంది తాబేలు. "కాలు తడిపినవాడు కూడా మునిగానంటాడు. 'ఒంటి మీది ఏ ఒక్కటీ నీటి పైకి తేలకుండా మునిగి' అని రాయాలి."

"పండు అంటే లేతగడ్డి కూడా అని రాయాలి," అంది కుందేలు.

రెండూ చేర్చారు. సత్యానందం గారి చూపంతా ముద్ర వేయనివారు సంఘంలో ఉండరన్న చివరి వాక్యం మీదే. అది చెక్కుచెదరలేదు కదా అని సంతోషించారు.

తర్వాతి ఆదివారం ఆయనే తీర్మానాన్ని గొంతెత్తి చదివి, అందరికంటే ముందు ముద్ర వేద్దామని కాలెత్తారు.

"ఆగండాగండి," అంది వెనక నుంచి కోతి. "మీ బాప్తిస్మం నాడు మీ ముళ్ళు జానెడు పైకి తేలాయి కదండీ! మేమంతా ఒడ్డునే ఉన్నాం."

అయ్యగారు మొహమాటంగా తన అరచెయ్యి చూసుకున్నారు. "రెండుసార్లు నొక్కాను. గుచ్చుకుంటే వదిలేశాను. మచ్చ ఇంకా ఉంది."

సంఘం గొల్లుమంది. ముద్ర వేస్తే తాను మునగలేదని ఒప్పుకున్నట్టు. వెయ్యకపోతే బయటికి పోవాలి. సత్యానందం గారి కాలు గాల్లోనే ఉండిపోయింది.

"మళ్ళీ మునిగితే సరిపోతుందిగా," అంది తాబేలు.

"మునగను!" ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి, కళ్ళలో మాత్రం నీళ్ళు. "ఆ రోజు నేను నమ్మే మునిగాను. అది నాకు తెలుసు, దేవుడికి తెలుసు. నా ముళ్ళు ఎంత మునిగాయో కొలవడానికి మీరెవరు?"

అందరూ నవ్వు ఆపేశారు. సెక్రటరీ గారి నోట అంత పొట్టి ప్రసంగం, అంత నిజమైన ప్రసంగం ఎన్నడూ వినలేదు.

"నేను అన్నదీ అదే కదయ్యా," అంది కరుణమ్మ. "ఈ తీర్మానాన్ని వాగులో కలపాలని ప్రతిపాదిస్తున్నాను."

"బలపరుస్తున్నాను," అన్నారు సత్యానందం గారు, ముక్కు తుడుచుకుంటూ.

కుందేలు ఒక్కటే వ్యతిరేకంగా కాలెత్తింది. గడ్డి సంగతి పోతుందని దాని బాధ. తీర్మానం మాత్రం వాగులో నిండా మునిగింది.

కరుణమ్మ మళ్ళీ పాఠం మొదలుపెట్టింది. సత్యానందం గారు వెనక వరుసలో కూర్చుని, పొరుగువాడంటే గబ్బిలం కాదని వారం వారం వాదిస్తూనే ఉన్నారు. ఆమె వినిపించుకుని, కాదంటూనే ఉంది. ఇద్దరూ బాగానే ఉన్నారు.

నీతి: మనస్సాక్షి విలువ ఎవరికైనా తెలియజెప్పాలంటే బోధించకండి, వారు రాసిన తీర్మానాన్ని కమిటీకి పంపండి.